కలం ఎవరి మాట?

"ఫార్సీలో పీహెచ్‌డీయా? దేనికమ్మా, దుబాయ్ పోతవా?"

ఈ మాట నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. దుబాయ్‌లో మాట్లాడేది అరబ్బీ, ఫార్సీ కాదు అని మొదట్లో చెప్పేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను. అడిగేవాళ్లకు ఆ రెండూ ఒకటే. రెండూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. రెండూ తురకోళ్లవి. అంతే.

పాతబస్తీ పిల్ల చదువుకుంటే ఏమవుతుందో ఊరందరికీ ముందే తెలుసు. టీచరమ్మ అవుతుంది, నర్సు అవుతుంది, లేదంటే కాల్ సెంటర్‌కు పోతుంది. పిల్లగాడైతే ఏసీ మెకానిక్కు, లేకపోతే గల్ఫు. ఈ గల్లీల్లోంచి వచ్చిన మనిషి ఒక పాత గ్రంథం పట్టుకుని దాని రాతప్రతులు వెతుక్కుంటూ ఐదారేళ్లు కూర్చుంటుందంటే బయటివాళ్లు నమ్మరు. మావాళ్లూ నమ్మరు. బయటివాళ్లకు మేం చదువు రానివాళ్లం. మావాళ్లకు చదువంటే పూట గడిపే పని. రెంటికీ నడుమ నేను.

మా దాదా పాలమూరు పల్లె నుంచి కరువుకు పట్నం వచ్చాడు. శాలిబండలో ఒక అర్ర కిరాయికి తీసుకుని కుట్టుమిషను పెట్టాడు. అబ్బా అదే మిషను మీద కూర్చున్నాడు. మా ఇంట్లో నానీమా తెలుగే మాట్లాడుతుంది. అమ్మీ దక్కనీ మాట్లాడుతుంది. బడిలో నేను తెలుగు మీడియం. కాబట్టి నేను నవాబుల వంశం దాన్ని కాను. మా ఇంట్లో తాతలనాటి రాతప్రతుల పెట్టె లేదు. నేను ఫార్సీ నేర్చుకున్నది వారసత్వంగా కాదు, డిగ్రీలో రెండో భాషగా. ఈ సంగతి ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఈ వ్యాసంలో నేను చెప్పబోయే గొప్పలు నావి కావు. అయినా అవి నావి అని ఎందుకు అంటున్నానో చివర్లో చెబుతాను.

ఒకసారి ఒక ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి అడిగాడు: "మీ మతభాష చదువుకోవడానికి ప్రభుత్వం సొమ్ము ఎందుకివ్వాలి?" ఖురాన్ ఫార్సీలో లేదు సార్ అన్నాను. ఆయన నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకున్న కాగితం ఫార్సీ మాట. ఆ రాసిన కలం అరబ్బీ మాట. ఆయన మీదున్న కోపంతో ఇంటికొచ్చి ఆ కలం అనే మాట పుట్టుక వెతికాను. అరబ్బీవాళ్లు దాన్ని గ్రీకువాళ్ల నుంచి తెచ్చుకున్నారు. గ్రీకులో 'కలమోస్' అంటే రెల్లు. రెల్లుపుల్ల చెక్కి రాసేవాళ్లు కాబట్టి అది రాసే పుల్ల అయింది. గ్రీకుల దగ్గర పుట్టి, అరబ్బులో 'ఖలం' అయి, ఫార్సీ ఉర్దూల మీదుగా దక్కనుకు వచ్చి, తెలుగులో కలం అయింది. ఇప్పుడు ఆ కలం ఎవరిది? ఏ మతానిది?

యూరప్ విశ్వవిద్యాలయాల్లో క్లాసిక్స్ అంటే గ్రీకు, లాటిన్. అవి చదివిన వాడిని ఎవరూ నీ మతమేమిటని అడగరు. జ్యూస్ దేవుడిని కొలుస్తావా అని అడగరు. మన దేశంలో ప్రాచీన భాష అనగానే సంస్కృతం అంటారు. ఆ మాటలో కాదనేదేమీ లేదు. అరబ్బీ, ఫార్సీల దగ్గరికి వచ్చేసరికే అవి భాషలు కాకుండా మతాలైపోతాయి. మన విశ్వవిద్యాలయాల్లో ఈ మూడింటినీ ప్రాచీన భాషల కిందే పక్కపక్కన పెట్టి చదివించారు. ఈ దేశ రాష్ట్రపతి 1958 నుంచి సంస్కృత పండితులతో పాటు అరబ్బీ, ఫార్సీ పండితులకు కూడా గౌరవ పత్రాలు ఇస్తూ వచ్చారు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం పాళీ, ప్రాకృతాలతో పాటు ఫార్సీని కూడా కాపాడుకోవాల్సిన ప్రాచీన భాషల్లో చేర్చింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. ఇంటర్వ్యూ గదిలోనే బాగాలేదు.

ఇక నేను చదివే పుస్తకం సంగతి. దాని పేరు 'బుర్హానె ఖాతె'. ఫార్సీ నిఘంటువు. దాదాపు 20,000 మాటలున్నాయి అందులో. అది ఇరాన్‌లో పుట్టలేదు. గోల్కొండ రాజ్యంలో, మన హైదరాబాదులో, 1652 ప్రాంతంలో పూర్తయింది. ముహమ్మద్ హుసేన్ బిన్ ఖలఫ్ తబ్రీజీ దాన్ని కూర్చి అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. 1818లో కలకత్తాలో థామస్ రోబక్ అనే ఆంగ్లేయుడు దాన్ని అచ్చు వేయించాడు. 1950లలో టెహ్రాన్‌లో ముహమ్మద్ మొయిన్ అనే మహాపండితుడు దాన్ని పరిష్కరించి సంపుటాలుగా తెచ్చాడు. అంటే ఇరాన్ వాళ్లు తమ భాషకు నిఘంటువు కావాలని మూసీ ఒడ్డున పుట్టిన పుస్తకాన్ని పట్టుకున్నారు. పాతబస్తీలో రోజూ చార్మినార్ కింద నడిచే వాళ్లలో ఎంతమందికి ఈ ముచ్చట తెలుసు? నాకు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు.

ఆ పుస్తకం తప్పుల్లేనిది కాదు. అందులో 'దసాతీర్' అనే కల్పిత గ్రంథం నుంచి వచ్చిన దొంగ మాటలు కూడా కలిసిపోయాయి. 1862లో గాలిబ్ దాని మీద 'ఖాతె బుర్హాన్' అనే ఖండన రాశాడు. పేరును తిరగేసి కొట్టాడన్నమాట. పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి. తిట్లు కోర్టు దాకా పోయాయి. ఆ తగువులో గాలిబ్ ఎత్తిపొడుపు ఒకటి నాకు గుచ్చుకుంటుంది. ఈ నిఘంటుకారుడు దక్కనీ, వీడికి ఫార్సీ ఏం తెలుసు అన్న ధోరణి. గాలిబ్ అంటే నాకు ప్రాణం. కానీ ఆ ఎత్తిపొడుపు నాకు కొత్తది కాదు. నీకు తెలుగేం తెలుసు అని తెలుగువాళ్లు, నీకు ఉర్దూ ఏం తెలుసు అని లక్నో ఉర్దూ వాళ్లు నన్ను అన్న మాటే అది. ఢిల్లీ కవి గోల్కొండ పండితుడిని అన్నాడు. ఇరాన్ వాళ్లు ఢిల్లీ కవిని కూడా అదే అన్నారు. భాషకు కాపలాదారులు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు మనిషి పుట్టిన చోటు కావాలి, చేసిన పని అక్కర్లేదు.

అదే గోల్కొండలో ఇంకో ముచ్చట జరిగింది. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నిగంటి తెలగనార్యుడు 'యయాతి చరిత్ర'ను పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. అది మొదటి అచ్చతెలుగు కావ్యం. సంస్కృతం మాట తగలకుండా తెలుగులోనే కావ్యం రాయాలనే పట్టుదలకు కృతిభర్త ఒక ముస్లిం అమీరు. తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకాలన్నీ ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతాయి. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగితే ఏమవుతుంది? తెలుగుకూ తురకకూ పొత్తు కుదరదనే లెక్క తప్పుతుంది. అందుకే ఆగరు.

ఫార్సీ మాత్రం ముసల్మాన్లదేనా? హైదరాబాద్ రాజ్యంలో 1880ల దాకా దఫ్తర్ల భాష ఫార్సీయే. ఆ దఫ్తర్లలో లెక్కలు రాసిన వాళ్లలో కాయస్థులున్నారు, బ్రాహ్మణులున్నారు. దివాను చందూలాల్ ఫార్సీలోనూ ఉర్దూలోనూ కవిత్వం చెప్పాడు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఫార్సీ పండితుడు. ఆయన ఫార్సీ చదివితే బహుభాషా కోవిదుడన్నారు. నేను చదివితే దుబాయ్ పోతావా అంటారు.

ఇప్పుడు మా బస్తీ మధ్యకు రండి. హుసేనీ ఆలం దాటి షిబ్లీగంజ్ పోతే జామియా నిజామియా వస్తుంది. 1876లో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ పెట్టిన మదర్సా అది. మదర్సా అనగానే ఇప్పుడు టీవీ చూసే వాళ్లకు ఏమేమో గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది పుస్తకాలు. ఆ అన్వారుల్లా ఫారూఖీ, ఇమాదుల్‌ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, కాంగ్రెస్‌ను తొలినాళ్లలోనే సమర్థించిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం, వీళ్లు ముగ్గురూ కలిసి 1888లో దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థను నిలబెట్టారు. దాని పని ఒక్కటే. ప్రపంచంలో ఎక్కడెక్కడో పడి ఉన్న అరబ్బీ రాతప్రతులను వెతికి, పోల్చి, సరిచేసి, అచ్చు వేయడం. ఇప్పుడది ఉస్మానియా ఆవరణలో ఉంది.

ఏమేం వేశారో కొన్ని చెబుతాను. 'కన్జుల్ ఉమ్మాల్' అనే పెద్ద హదీసు సంకలనం. దాన్ని కూర్చినవాడు 16వ శతాబ్దపు బుర్హాన్‌పూర్ వాడు అలీ ముత్తఖీ. హదీసులు చెప్పిన వాళ్ల జీవితాలను జల్లెడ పట్టిన ఇబ్నె హజర్ పుస్తకం 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' 12 సంపుటాలు, 1907 నుంచి 1909 దాకా. మతగ్రంథాలేగా అంటారా? ఆగండి. వెలుతురు ఎలా నడుస్తుందో చెప్పిన ఇబ్నుల్ హైసమ్ రచనలు వేశారు. తూకం, సాంద్రతల మీద ఖాజినీ రాసిన 'మీజానుల్ హిక్మా' వేశారు. వైద్యుడు రాజీ రాసిన 'అల్ హావీ' వేశారు. 1939-40లో నసీరుద్దీన్ తూసీ పరిష్కరించిన గణిత గ్రంథాలు రెండు సంపుటాలుగా వేశారు. వాటిలో ఎవరున్నారో తెలుసా? యూక్లిడ్, ఆర్కిమిడీస్, అరిస్టార్కస్, మెనెలాస్. అందరూ గ్రీకులు. మెనెలాస్ రాసిన గోళాల గ్రంథానికి గ్రీకు మూలమే మిగల్లేదు, అరబ్బీ అనువాదంలోనే బతికింది. యూరప్ వాళ్ల క్లాసిక్స్‌లో ఒక ముక్కకు హైదరాబాదులో అక్షరాలు పేర్చి అచ్చు వేశారన్నమాట.

ఆ గ్రీకు పుస్తకాలను బాగ్దాదులో 9వ శతాబ్దంలో అరబ్బీలోకి తెచ్చిన వాళ్లలో పెద్దవాడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్. ఆయన క్రైస్తవుడు. అరబ్బీ ముసల్మాన్ల సొంత ఆస్తి అనుకునే మావాళ్లకు కూడా ఈ సంగతి చెప్పాలి.

1958లో దాయిరా వాళ్లు అల్‌బిరూనీ 'కితాబుల్ హింద్' వేశారు. వెయ్యేళ్ల కిందట మహమూద్ గజనీ కాలంలో బతికిన బిరూనీ సంస్కృతం నేర్చుకుని ఈ దేశపు లెక్కలు, నక్షత్రాలు, నమ్మకాలు 1030 ప్రాంతంలో రాశాడు. ఖ్వారిజమ్ వాడు సంస్కృతం నేర్చుకున్నాడు, అరబ్బీలో రాశాడు, తెలుగు గడ్డ మీద అచ్చయ్యాడు. అంతకుముందు 1954 నుంచి 1956 దాకా ఆయన ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మసూదీ' మూడు సంపుటాలు వచ్చాయి.

ఈ పని ఎంత కష్టమో చేసేవాళ్లకే తెలుసు. అరబ్బీ లిపిలో చుక్కే ప్రాణం. ఒకే గీత మీద కింద ఒక చుక్క పెడితే 'బ', పైన రెండు పెడితే 'త', మూడు పెడితే 'స'. పాత లేఖకులు చాలాచోట్ల చుక్కలు పెట్టకుండా రాసుకుంటూ పోయారు. 'దువా' అనే మాటలో ఐన్ మీద ఒక్క చుక్క పడితే అది 'దగా' అవుతుంది. ప్రార్థన మోసమైపోతుంది. నాలుగైదు రాతప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ఏది లేఖకుడి తప్పో, ఏది రచయిత మాటో తేల్చి, మిగతావన్నీ కింద అధోజ్ఞాపికల్లో చూపించాలి. రచయిత చెప్పనిది ఆయన నోట పెట్టకూడదు. చెప్పింది కొట్టేయకూడదు. నేను రోజూ చేసే పని ఇదే. చేస్తూ చేస్తూ ఒకటి అర్థమైంది. మమ్మల్ని చదివేవాళ్లు కూడా ఇంత ఓపికగా చదివితే బాగుండు. మా మీద ఎవరో ఒక చుక్క పెట్టిపోయారు. అప్పటి నుంచి దువాను దగాగానే చదువుతున్నారు. రెండో ప్రతి తెప్పించి పోల్చి చూసే ఓపిక ఎవరికీ లేదు.

పాతబస్తీ చదువు పీహెచ్‌డీ దాకా పోతే ఎలా ఉంటుందో చూపించిన మనిషి ఒకరున్నారు. ముహమ్మద్ హమీదుల్లా. 1908లో, మూసీ వరద వచ్చిన ఏడాదే, హైదరాబాదులో పుట్టారు. జామియా నిజామియాలో చదివారు. తర్వాత ఉస్మానియా. 1917లో నిజాం ఫర్మానాతో మొదలై ఉర్దూ మాధ్యమంలో ఉన్నత చదువు చెప్పిన విశ్వవిద్యాలయం అది. అక్కడి నుంచి జర్మనీ పోయి బాన్ విశ్వవిద్యాలయంలో 1933లో డాక్టరేటు తీసుకున్నారు. అంతటితో ఆగలేదు. 1935లో పారిస్‌లో సోర్బాన్ నుంచి రెండో డాక్టరేటు. ప్రవక్త కాలం నాటి, తొలి ఖలీఫాల కాలం నాటి ఒప్పందాలు, లేఖల మీద. తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పారు.

హదీసులన్నీ ప్రవక్త పోయిన రెండు మూడు వందల ఏళ్లకు కాగితం మీదికి ఎక్కినవే, అంతకుముందు అంతా నోటి మాటే అని కొందరు యూరప్ పండితులు వాదించేవారు. హమీదుల్లా బెర్లిన్‌లో ఒక రాతప్రతి, డమాస్కస్‌లో ఇంకొకటి పట్టుకున్నారు. అబూ హురైరా శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న చిన్న సంకలనం అది. అంటే హిజ్రీ మొదటి శతాబ్దపు రాత. రెండు ప్రతులూ పోల్చి 1953లో అచ్చు వేయించారు. వాదానికి జవాబు నినాదంతో ఇవ్వలేదు. కాగితంతో ఇచ్చారు. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకున్నారు, కాదనేవాళ్లు కాదన్నారు. కానీ వాదం అంతటితో గాలి మాటల మీద కాక ప్రతుల మీద నడవాల్సి వచ్చింది. పీహెచ్‌డీ అంటే నాకు అర్థమైంది అదే.

1948లో ఆయన హైదరాబాద్ సంస్థానం తరఫు బృందంతో ఐక్యరాజ్యసమితికి పోయారు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆయన ఇక తిరిగి రాలేదు. పారిస్‌లో ఒక చిన్న ఇంట్లో శరణార్థిగా దశాబ్దాలు బతికారు. మరో దేశపు పౌరసత్వం తీసుకోలేదు. 1959లో ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తెచ్చారు. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పారు. 2002 డిసెంబరులో అమెరికాలో చనిపోయారు. ఆయన రాజకీయం నాకు నచ్చాలని లేదు. నిజాం రాజ్యం నిలవాలనే ఆశ మా పాలమూరు దాదాకు ఉండి ఉండదు. కానీ ఒక ఊరు తన పండితుణ్ణి ఇంతగా మరిచిపోవచ్చా?

1948ని తలుచుకుంటే రెండు నిజాలూ చెప్పాలి. రజాకార్లు పల్లెల మీద పడి చేసిన ఘోరాలు నిజం. మేం వాటికి జవాబుదారులం కాదని తప్పించుకోవడం కాదు, అవి జరిగాయని మా నోటితో మేం చెప్పుకోవాలి. ఆ తర్వాత ముసల్మాన్ల మీద జరిగిన ఊచకోత కూడా నిజం. పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఎంత తక్కువ వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక అరవై ఏళ్లు దాటేదాకా మామూలు పాఠకుడికి అందలేదు. చచ్చిన వాళ్లతో పాటు ఒక చదువు కూడా చచ్చింది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. నౌకర్లు పోయాయి. జాగీర్లు పోయాయి. దేవిడీల్లోని పుస్తకాలు తూకానికి పోయాయని మా గల్లీ ముసలివాళ్లు చెప్పేవారు. చదువుకు విలువ లేకుండా పోయిన చోట పిల్లలు పానాలు పట్టుకున్నారు.

ఇక మావాళ్లతో ఒక మాట. ఈ గొప్పలన్నీ ఎవరివి? దాయిరా పెట్టినవాళ్లు నవాబులు, ఉలేమా. ఉస్మానియాలో చదివినవాళ్లు ఎక్కువగా పట్నం షరీఫు ఖాందాన్లు. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగుకు ఆ విశ్వవిద్యాలయంలో ఒక పాఠ్యాంశంగానే చోటు దొరికింది గానీ చదువు చెప్పే భాషగా దొరకలేదు. 1901లో మూసీ అవతల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. ఇవతల దాయిరతుల్ మఆరిఫ్ అప్పటికి పదమూడేళ్లుగా నడుస్తోంది. ఒకే ఊళ్లో రెండు పుస్తకాల ఇళ్లు. ఒకదానికొకటి పరాయి. నదికి వంతెనలున్నాయి. పుస్తకాలకు లేవు. పల్లెలో దూదేకుల సాయిబుకు ఈ రెండింటిలో ఏదీ తన ఇల్లు కాలేదు. తెలుగు వాళ్లకు వాడు తురక, తురకలకు వాడు తెలుగోడు. దర్జీ మనవరాలిని నేను, అందులోనూ ఆడదాన్ని. 1930లో పుట్టి ఉంటే ఆ పుస్తకాల మీది దుమ్ము దులిపే పని కూడా నాకు దక్కేది కాదు. పాత గొప్పలు చెప్పుకుని ఏడ్చే మావాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. గొప్ప పోయిందని ఏడవడం కాదు, అది అందరికీ ఎందుకు అందలేదని కూడా అడగాలి.

ఇప్పటి సంగతి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే 50 మందిలో ఒక్కరు ముస్లిం అని లెక్క చెప్పింది. పీజీయే అంత అయితే పీహెచ్‌డీ సంగతి వేరే చెప్పాలా? మైనారిటీల పరిశోధక విద్యార్థుల కోసం మౌలానా ఆజాద్ పేరుతో ఒక ఫెలోషిప్ నడిచేది. మిగతా పథకాలతో కలిసిపోతోందని చెప్పి 2022-23 నుంచి కొత్తవాళ్లకు ఇవ్వడం ఆపేశారు. ముస్లింలకే కాదు, క్రైస్తవులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు, పార్సీలకు కూడా పోయింది. డబ్బున్న ఇంటి పిల్ల ఫెలోషిప్ లేకున్నా చదువుతుంది. కుట్టుమిషను ఇంటి పిల్ల రాతప్రతి ముందు కూర్చోవాలంటే ఆ పూట ఇల్లెవరో నడపాలి. నేను సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి నడుపుతున్నాను.

2019 నవంబరులో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఫిరోజ్‌ఖాన్ అనే సంస్కృత పండితుడికి అక్కడ ఉద్యోగం వచ్చింది. సంస్కృతంలో డాక్టరేటు ఉంది. ఎంపిక సవ్యంగానే జరిగిందని విశ్వవిద్యాలయమే చెప్పింది. అయినా ముస్లిం మాకు ధర్మవిద్య చెప్పడమేమిటని కొందరు విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. చివరికి ఆయన వేరే ఫ్యాకల్టీలో సంస్కృతం చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు నా లెక్క చూడండి. ముస్లిం ఫార్సీ చదివితే మతం. ముస్లిం సంస్కృతం చదివితే అపచారం. ముస్లిం తెలుగు చదివితే వింత, "అబ్బ, ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అని మెచ్చుకోలు. మరి మేం ఏ భాషలో చదివితే అది మామూలు చదువు అవుతుంది?

మొదట్లో ఒక బాకీ పెట్టుకున్నాను. ఆ గొప్పలు నావి కావు, అయినా నావి అన్నాను. ఎందుకంటే వారసత్వం రక్తంలో రాదు, పనిలో వస్తుంది. గాలిబ్ ఏమన్నా సరే, తబ్రీజీ పేరు పెట్టుకున్న ఆ దక్కనీ మనిషి తన పనితో ఫార్సీకి వారసుడయ్యాడు. బిరూనీ తన పనితో సంస్కృతానికి, తెలగనార్యుడు చెప్పిన కావ్యాన్ని అందుకుని అమీన్‌ఖాన్ అచ్చతెలుగుకు చుట్టాలయ్యారు. అబ్బా మిషను చప్పుడు వింటూ నేను చుక్కలు సరిచూస్తున్నాను. అంతవరకు ఆ పుస్తకం నాదే. రేపు ఒక రెడ్డి పిల్లగాడో, మాదిగ పిల్లో వచ్చి ఫార్సీ నేర్చుకుని నా తప్పులు పట్టుకుంటే అప్పుడది వాళ్లది. నాకు కావాల్సిందీ అదే. అందుకే నా సిద్ధాంత వ్యాసం ఏ భాషలో ఇవ్వాల్సి వచ్చినా, దాన్ని తెలుగులో కూడా రాస్తానని నిశ్చయం చేసుకున్నాను.

మొన్న రాత్రి కరెంటు పోతే నానీమా పక్కన కూర్చుంది. ఏం చదువుతున్నవే ఇన్నేండ్ల సంది అని అడిగింది. పాత మాటల పుస్తకం నానీ అన్నాను. ఒక మాట చెప్పు అంది. కలం కథ చెప్పాను. రెల్లుపుల్ల, గ్రీకులు, అరబ్బులు, దక్కను. నానీమాకు చదువు రాదు. అంతా విని అంది: "గంత దూరం నడిసొచ్చిందా ఆ మాట? నడుమ ఎవ్వరు ఆపలేదా?"

ఆపలేదు నానీ. అప్పుడు ఎవరూ ఆపలేదు.